ఆటల అంగడి సొమ్ము, అందరి డ్రైవరు – కంప్యూటర్ ఆటల చరిత్ర: 17వ భాగం

1990ల చివరి సంవత్సరాలలో త్రీడీ గ్రాఫిక్స్ కార్డుల తయారీదారుల మధ్య సాగిన పోటీతో గత భాగం ముగిసింది. ఆ పోటీలో కొనుగోలుదారులకు కనబడినది కార్డే అయినా, కనబడకుండా గెలుపోటములను నిర్ణయించినవాటిలో డ్రైవరు ముఖ్యమైనది. తెరమీద ఏ ఆకారాలు గీయాలో, వాటికి ఏ రంగులు వేయాలో, వాటిమీద వెలుతురు ఎలా పడాలో ఆట ఆదేశిస్తుంది. కార్డు ఏదైనా ఆ ఆదేశాల రూపం ఒక్కటే. వాటిని ఫలానా కార్డుకు మాత్రమే అర్థమయ్యే యంత్రసూచనలుగా మార్చి, కార్డు మెమరీని ఆట అవసరాలకు పంచి, పని పూర్తయ్యేదాకా కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరే డ్రైవరు. దానిలో ఒక భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్‌లో ఉండి యంత్రంతో నేరుగా వ్యవహరిస్తుంది; రెండో భాగం ఆటతో పాటు నడుస్తూ ఆదేశాలను మార్చే పని చేస్తుంది. విండోస్ కంప్యూటర్లలో ఈ రెండు భాగాల సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలరూపం, మొదటినుంచీ కార్డు తయారుచేసిన కంపెనీ రహస్యంగానే ఉండిపోయింది. లైనక్స్‌లో మాత్రం గత ఇరవై ఏళ్లలో ఆ పరిస్థితి చాలావరకు మారి, ఎవరైనా చదివి, సవరించి, తిరిగి పంచుకోగల ఓపెన్ సోర్స్ డ్రైవర్లు ఆటలకు ఆధారమయ్యాయి. ఈ మార్పుకు డబ్బు పెట్టినవారిలో గ్రాఫిక్స్ చిప్పులు తయారుచేయని ఒక ఆటల సంస్థ ముందువరుసలో నిలిచింది. అది ఆదర్శంకోసం కాక, తన అంగడిని కాపాడుకోవడంకోసమే ఆ పనికి పూనుకుందని జరిగిన క్రమాన్ని చూస్తే అర్థమవుతుంది.

ఈ డ్రైవర్లకు పునాది ఆటలతో ఏ సంబంధమూ లేని చోట పడింది. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ తన ఖరీదైన వర్క్‌స్టేషన్ల అనుభవంతో రూపొందించి 1992లో వెలువరించిన ఓపెన్‌జీఎల్, ప్రోగ్రాముకూ డ్రైవరుకూ మధ్య ఆదేశాలు ఏ రూపంలో ఉండాలో నిర్దేశించే ప్రమాణం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బ్రయన్ పాల్, అవే ఆదేశాలను మామూలు కంప్యూటర్లలో అమలుచేసే ఉచిత లైబ్రరీని 1993 ఆగస్టులో తీరిక వేళల్లో రాయడం మొదలుపెట్టి, సిలికాన్ గ్రాఫిక్స్ సమ్మతి పొంది, 1995 ఫిబ్రవరిలో మెసా పేరుతో విడుదల చేశారు. తొలినాటి మెసా బొమ్మలన్నింటినీ ప్రధాన ప్రాసెసర్‌తోనే గీయించేది కనుక ఆటలకు కావలసిన వేగం దానికి లేదు. కార్డులను నేరుగా వాడుకునే భాగాలు ఒక్కొక్కటిగా చేరుతూ, ఈనాడు లైనక్స్‌లోని ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లకు అది ఉమ్మడి గూడుగా మారింది.

ఆటల లోకంనుంచి ఈ పనిలో తొలుత చేయి పెట్టినవారిలో ఐడీ సాఫ్ట్‌వేర్‌కు చెందిన జాన్ కార్మాక్ ప్రముఖులు. డూమ్, క్వేక్ ఆటల ఇంజన్లను రాసిన ఆయన, మాట్రాక్స్ జీ200 కార్డుకు లైనక్స్ డ్రైవరు తయారుచేస్తున్న యూటా-జీఎల్‌ఎక్స్ ప్రాజెక్టులో 1999లో స్వయంగా కోడ్ రాశారు. అయితే అది ఒక ప్రతిభావంతుని ఆసక్తి మాత్రమే. దాని వెనుక సంస్థ వ్యాపార ప్రణాళిక ఏదీ లేదు. వ్యాపారంగా ప్రయత్నించినది కాలిఫోర్నియాలో 1998లో మొదలైన లోకీ సాఫ్ట్‌వేర్. ఇతరుల ఆటలను లైనక్స్‌కు మార్చి పెట్టెల్లో పెట్టి అమ్మిన ఆ సంస్థ, క్వేక్ 3 లైనక్స్ కూర్పును సైతం బజారులోకి తెచ్చినా, అప్పులపాలై 2002 జనవరిలో మూతపడింది. కిటికీలు, కీబోర్డు, శబ్దం వంటి వాటిని ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా ఒకే తీరుగా అందించే ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ మాత్రం లోకీ తర్వాత కూడా బతికింది. దాన్ని సృష్టించి, లోకీలో పనిచేసిన శామ్ లాంటింగా పదేళ్ల తర్వాత ఈ కథలోని ప్రధాన సంస్థలో చేరారు.

2000ల తొలి సగం ఓపెన్ సోర్స్ డ్రైవర్లకు గడ్డుకాలం. కార్డుల తయారీదారు ఎన్విడియా తన లైనక్స్ డ్రైవరును సోర్స్ కోడ్ లేకుండా ఇచ్చేది. అది బాగానే పనిచేయడంతో వాడుకరులు సర్దుకుపోయారు. మరో తయారీదారు ఏటీఐ ఇచ్చిన మూసిన డ్రైవరు అంత బాగా పనిచేయక అపఖ్యాతి తెచ్చుకుంది. ఆ కార్డులకు ఒక మంచి ఓపెన్ సోర్స్ డ్రైవరు పుట్టడానికి 2002లో డబ్బు ఇచ్చినది వాతావరణ వార్తలు చెప్పే ద వెదర్ చానెల్ అన్నది చాలామందికి తెలియని విషయం. తమ ప్రసార యంత్రాలలో వాడుకోవడంకోసం ఆ చానెల్ రేడియాన్ 8500 కార్డుకు డ్రైవరు రాయించుకుంది. డబ్బుతోనూ తీరని చిక్కులు మరికొన్ని ఉండేవి. ఆటలలోని ఉపరితల చిత్రాలను, అంటే టెక్స్చర్లను, కుదించి దాచే ఎస్‌త్రీటీసీ పద్ధతిమీద పేటెంటు ఉండటంవల్ల దాన్ని మెసాలో నేరుగా చేర్చే వీలు లేక, వాడుకరులు వేరే లైబ్రరీని తామే తెచ్చి అమర్చుకోవలసి వచ్చేది. 2017 అక్టోబరులో ఆ పేటెంటు గడువు తీరాకే ఈ బెడద పూర్తిగా వదిలింది. ఈ మధ్యలో ఇంటెల్ తన చిప్పులకు ఓపెన్ సోర్స్ డ్రైవర్లనే అధికారికంగా స్వీకరించింది. 2006లో ఏటీఐని కొన్న ఏఎండీ, మరుసటి ఏడాది సెప్టెంబరులో తన కార్డుల అంతర్నిర్మాణ వివరాలను బహిరంగపరుస్తానని ప్రకటించింది. ఎన్విడియా కార్డులకు మాత్రం, కంపెనీ సహకారం లేకుండా, యంత్రం ప్రవర్తనను గమనించి లోగుట్టును ఊహించే కష్టమైన పద్ధతిలో నూవో అనే డ్రైవరు రూపుదిద్దుకోసాగింది.

వాల్వ్ రంగప్రవేశం 2012లో జరిగింది. మైక్రోసాఫ్ట్‌లో 13 ఏళ్లు పనిచేసిన గేబ్ న్యూవెల్, తన సహోద్యోగి మైక్ హారింగ్టన్‌తో కలిసి 1996లో వాషింగ్టన్ రాష్ట్రంలో స్థాపించిన ఈ సంస్థ, హాఫ్-లైఫ్ ఆటతో పేరు తెచ్చుకుని, 2003 సెప్టెంబరులో ప్రారంభించిన స్టీమ్ ద్వారా కంప్యూటర్ ఆటల అమ్మకంలో తిరుగులేని స్థానానికి చేరింది. స్టీమ్‌లో అమ్ముడయ్యే ఆటలన్నీ దాదాపు విండోస్‌మీద నడిచేవే. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ తన సొంత సాఫ్ట్‌వేర్ దుకాణాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే అమర్చింది. అద్దె స్థలంలో వ్యాపారం పెంచుకున్న కొట్టుకు ఎదురుగా స్థలం యజమానే కొట్టు తెరిచినట్లయింది వాల్వ్ పరిస్థితి. ఆ జూలైలోనే న్యూవెల్ విండోస్ 8 ఈ రంగానికి విపత్తు అన్న అర్థంలో బహిరంగంగా మాట్లాడారు. లైనక్స్‌ను ప్రత్యామ్నాయంగా నిలబెట్టడం ఆ ముప్పునుంచి రక్షణ అని కూడా దాచుకోకుండా చెప్పారు. ఉద్యమకారులకు ఈ మాటల్లో స్వేచ్ఛ వినిపించి ఉండవచ్చు. వ్యాపారి మాత్రం బేరమాడే బలాన్ని లెక్కవేసుకుంటున్నాడు.

లెక్క ఏదైనా, దాన్ని అమలుపెట్టే క్రమంలో వాల్వ్ ఇంజనీర్లకు ఎదురైన అనుభవం వారి దృష్టిని డ్రైవర్ల వైపు మళ్లించింది. లెఫ్ట్ 4 డెడ్ 2 ఆటను లైనక్స్‌కు మార్చినప్పుడు తొలి కూర్పు సెకనుకు 6 చిత్రాలు మాత్రమే గీయగలిగింది. ఆట కోడ్‌ను సరిదిద్ది, డ్రైవర్లు రాసేవారితో కలిసి పనిచేశాక, 2012 ఆగస్టు నాటికి అదే యంత్రంమీద విండోస్ కూర్పు 270.6 చిత్రాలు గీస్తుంటే లైనక్స్ కూర్పు 315 గీసింది. ఆ ప్రఖ్యాత పరీక్షలో వాడినది ఎన్విడియా కార్డు, దాని మూసిన డ్రైవరే అన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. కానీ అదే వేసవిలో ఇంటెల్‌కు చెందిన మెసా బృందం వాల్వ్ కార్యాలయానికి వెళ్లి కలిసి కూర్చుని పనిచేసినప్పుడు మరో తేడా బయటపడింది. ఆటలో ఒక దృశ్యం మందగించినప్పుడు మూసిన డ్రైవరైతే ఆట రాసేవారు కారణాన్ని ఊహించి, కార్డు కంపెనీకి ఫిర్యాదు పంపి, జవాబుకోసం ఎదురుచూడాలి. డ్రైవరు సోర్స్ కోడ్ కళ్లముందు ఉంటే, ఆట ఇచ్చిన ఆదేశం డ్రైవరులో ఏ వాక్యం దగ్గర ఆగిపోతున్నదో అడుగడుగునా గమనించి, తప్పు ఆటదో డ్రైవరుదో ఆ పూటే తేల్చుకోవచ్చు. వాల్వ్ ఇంజనీర్లు అంతవరకు చూడని సౌకర్యమిది. ఆటల సంస్థకు ఓపెన్ సోర్స్ డ్రైవరు ఎందుకు కావాలన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి సమాధానం ఈ చరిత్రలో మరెక్కడా దొరకదు.

లైనక్స్‌కు స్టీమ్ 2013 ఫిబ్రవరిలో వచ్చింది. మరుసటి ఏడాది వాల్వ్ మెసాకు కోడ్ రాసేవారికి తన ఆటలన్నింటినీ ఉచితంగా ఇచ్చింది. ఇది చిన్న బహుమతిలా కనిపించినా, డ్రైవరును పరీక్షించడానికి నిజమైన ఆటలు కొనుక్కోలేని ప్రోగ్రామర్లకు పనిముట్లు అందించినట్లే అయింది. ఇంత చేసినా, 2015 నవంబరులో వివిధ తయారీదారులతో కలిసి బజారులోకి తెచ్చిన స్టీమ్ మెషీన్లు అనే లైనక్స్ ఆటల కంప్యూటర్లు విఫలమయ్యాయి. లైనక్స్‌కు మార్చిన ఆటలు కొద్ది. మార్చినవి కూడా విండోస్ కంటే నెమ్మదిగా నడుస్తున్నాయని స్వతంత్ర పరీక్షలు చూపాయి. 2018లో స్టీమ్ దుకాణంలో స్టీమ్ మెషీన్లకు కేటాయించిన విభాగం కనబడకుండా పోయినప్పుడు చాలామంది వాల్వ్ ఈ ప్రయత్నాన్ని వదిలేసిందనుకున్నారు.

అసలు పని అప్పటికే లోలోపల మరో దారి పట్టింది. ఓపెన్‌జీఎల్ ఆదేశాలు ఉన్నతస్థాయిలో ఉండటంవల్ల ఆట ఏమి చేయబోతున్నదో డ్రైవరు ఊహించవలసి వచ్చేది. కార్డు కంపెనీలు పేరున్న ఆటలను గుర్తుపట్టి వాటికి ప్రత్యేక సర్దుబాట్లు చేస్తూ తమ డ్రైవర్లను నానాటికీ పెంచుకుంటూ పోయేవి. 2016 ఫిబ్రవరిలో వెలువడిన వల్కన్ అనే కొత్త ప్రమాణం ఈ భారాన్ని తిరగవేసింది. ఏఎండీ అంతకుముందు రూపొందించిన మాంటిల్‌ను పునాదిగా తీసుకుని, వాల్వ్‌తో సహా అనేక సంస్థలు కలిసి తయారుచేసిన వల్కన్‌లో మెమరీ పంపకం, పనుల క్రమం వంటి బాధ్యతలు చాలావరకు ఆటకే అప్పగించారు. డ్రైవరు సన్నబడింది. సన్నబడటంవల్ల, కార్డు కంపెనీకి చెందని చిన్న బృందం కూడా పూర్తి డ్రైవరు రాయడం మునుపటికంటే సులువైంది. తర్వాతి పరిణామాలన్నింటికీ ఇదే మూలం.

వల్కన్ విడుదలైన రోజునే ఇంటెల్ తన ఓపెన్ సోర్స్ డ్రైవరును బయటపెట్టింది. ఏఎండీ మాత్రం తన వల్కన్ డ్రైవరును మొదట మూసిన రూపంలోనే ఇచ్చి, కోడ్‌ను ఆ తర్వాత తెరుస్తానని చెప్పింది. ఆ మాట నెరవేరడానికి 2017 డిసెంబరు దాకా పట్టింది. ఈలోగా రెడ్‌హాట్ సంస్థలో పనిచేస్తున్న డేవ్ ఎయిర్లీ, ఆయనతో పాటు బాస్ న్యూవెన్‌హౌజెన్ అనే ప్రోగ్రామరు వేచి చూడక, ఇంటెల్ డ్రైవరు కోడ్‌నుంచి కొంత తీసుకుని, ఏఎండీ కార్డులకు ఆర్‌ఏడీవీ అనే సొంత వల్కన్ డ్రైవరు రాయడం మొదలుపెట్టారు. 2016 అక్టోబరులో అది మెసాలో చేరింది. ఏఎండీ చివరికి ఏఎండీవీఎల్‌కే పేరిట తన కోడ్ తెరిచేసరికి పోటీదారు అప్పటికే కాళ్లమీద నిలబడి ఉన్నాడు. రెండింటిలో వాల్వ్ ఎంచుకున్నది కార్డు కంపెనీ డ్రైవరును కాక, బయటివారు రాసిన దాన్ని. ఆర్‌ఏడీవీపై పూర్తికాలం పనిచేసే ప్రోగ్రామర్లకు జీతాలిచ్చింది. విండోస్ ఆటలను లైనక్స్‌కు మార్చే లండన్ సంస్థ ఫెరల్ ఇంటరాక్టివ్ కూడా తన ఆటలలో బయటపడిన లోపాలను మెసాలోనే సరిదిద్ది పంపుతూ వచ్చింది.

వాల్వ్ డబ్బుతో జరిగిన పనులలో వివరంగా చెప్పదగినది ఏసీఓ అనే షేడర్ కంపైలర్. ఒక గోడ తడిగా మెరవాలన్నా, నీడ అంచు మసకబారాలన్నా ఆ లెక్క చేసే చిన్న ప్రోగ్రామును షేడర్ అంటారు. ఆధునిక ఆటలో ఇటువంటివి వేలల్లో ఉంటాయి. కొనుగోలుదారు దగ్గర ఏ కార్డు ఉంటుందో ఆట తయారీదారుకు ముందుగా తెలియదు కనుక కంప్యూటర్ ఆటలు షేడర్లను మధ్యస్థ రూపంలోనే ఇస్తాయి. వాటిని ఆ కార్డు యంత్రసూచనలుగా మార్చే పని, అంటే కంపైల్ చేయడం, ఆటగాడి కంప్యూటర్‌లోనే డ్రైవరు చేయాలి. ఆట సాగుతుండగా ఒక కొత్త షేడర్ అవసరమై, దాని మార్పిడికోసం తెర ఒక క్షణం కదలకుండా ఆగిపోతే ఆటగాళ్లు దాన్ని స్టటర్ అంటారు. సగటు వేగం ఎంత ఉన్నా ఈ కుదుపు ఒక్కటే ఆటను చెడగొట్టగలదు. ఆర్‌ఏడీవీ ఈ పనికి మొదట్లో ఎల్‌ఎల్‌వీఎం అనే ప్రఖ్యాత కంపైలర్ పరికరాలను వాడేది. తీరికగా ఒకసారి కంపైల్ చేసి ఎన్నోసార్లు నడిపే మామూలు ప్రోగ్రాములకు అది చక్కగా సరిపోతుంది కాని, ఆట మధ్యలో తొందరపడవలసిన చోట దాని నెమ్మది భారమైంది. దాన్ని సవరించడం కంటే, ఏఎండీ చిప్పులకు ఆటల షేడర్లను వేగంగా, మంచి నాణ్యతతో మార్చడం ఒక్కటే లక్ష్యంగా కొత్త కంపైలర్ రాయడం మేలని వాల్వ్ నియమించిన బృందం నిర్ణయించి, 2019 జూలైలో ఏసీఓను ప్రకటించింది. కంపైల్ సమయం బాగా తగ్గడమే కాక, తయారైన సూచనలు కూడా చాలా ఆటలలో మునుపటికంటే వేగంగా నడిచాయి. ఆ ఏడాది చివర మెసాలో చేరిన ఏసీఓ, 2020లో ఆర్‌ఏడీవీకి స్వతఃసిద్ధ కంపైలర్ అయింది. చిప్పు తయారుచేసిన కంపెనీ వాడుతున్న కంపైలర్‌ను, చిప్పుతో ప్రత్యక్ష సంబంధం లేని వారు రాసిన కంపైలర్ వెనక్కినెట్టడం ఈ రంగంలో అంతకుముందు ఊహకందని విషయం.

డ్రైవర్లు ఎంత మెరుగైనా లైనక్స్‌కు ఆటలు లేవన్న పాత సమస్య అలాగే ఉంది. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపించే ప్రయత్నంగా 1993లో మొదలైన వైన్‌ను, కోడ్‌వీవర్స్ సంస్థ సహకారంతో, వాల్వ్ 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లోనే అమర్చింది. విండోస్ ఆటలు వాడే డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను వల్కన్ ఆదేశాలుగా మార్చే డీఎక్స్‌వీకే దీనిలో కీలకమైన భాగం. నియర్: ఆటోమటా అనే ఆటను లైనక్స్‌లో ఆడాలన్న కోరికతో ఫిలిప్ రెబోల్ మొదలుపెట్టిన దాన్ని గమనించి వాల్వ్ ఆయనను పనిలోకి తీసుకుంది. ప్రోటాన్ చరిత్ర వేరుగా చెప్పవలసినంత ఉన్నందున దాన్ని వచ్చే భాగానికి వదలడం మంచిది. ఇక్కడికి సంబంధించినంతవరకు గమనించవలసిందేమంటే, ప్రోటాన్ ఉత్పత్తిచేసే వల్కన్ ఆదేశాలన్నీ చివరికి డ్రైవరు మీదనే పడతాయి; ఆట తయారీదారులు కలలోనైనా తలచని వేదికమీద వేలాది విండోస్ ఆటలు ఒక్కసారిగా మెసాకు పరీక్షలయ్యాయి.

ఈ పెట్టుబడుల ఫలం 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్‌లో కనబడింది. చేతిలో పట్టుకుని ఆడే ఈ చిన్న కంప్యూటర్‌లో ఏఎండీ చిప్పు, ఆర్చ్ లైనక్స్‌మీద కట్టిన స్టీమ్‌ఓఎస్, మెసా డ్రైవర్లు ఉన్నాయి. యంత్రం ఒక్కటే కనుక షేడర్లను ముందే కంపైల్ చేసి ఆటతో పాటు పంపే వెసులుబాటు కూడా వాల్వ్‌కు దక్కింది. అదే నెలలో విడుదలైన ఎల్డెన్ రింగ్ విండోస్‌లో తరచూ కుదుపులకు గురవుతుంటే, ఆట కొన్నిచోట్ల వేల సంఖ్యలో మెమరీ కేటాయింపులను కోరడం డెక్‌లో కనిపించిన కుదుపులకు ఒక కారణమని వాల్వ్ ఇంజనీర్లు పసిగట్టి, డైరెక్ట్‌ఎక్స్ 12 ఆదేశాలను మార్చే పొరలో సవరణ చేసి, కొద్దిరోజుల్లోనే డెక్‌లో ఆటను సాఫీగా నడిపించారు. అడుగునుంచి పైదాకా కోడ్ తమ ముందు తెరిచి ఉండటమే ఆ వేగానికి కారణం. ప్రోటాన్, మెసా, వల్కన్ వంటి వాటిపై పనిచేసే వందమందికి పైగా ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లకు వాల్వ్ నేరుగా డబ్బు చెల్లిస్తున్నదని ఆ సంస్థకు చెందిన పియర్-లూ గ్రిఫే ఆ ఏడాది చివర వెల్లడించారు.

ఇంత ఉదారంగా కనిపించే వాల్వ్ స్టీమ్ సోర్స్ కోడ్‌ను మాత్రం తెరవలేదు, తెరుస్తానని చెప్పనూ లేదు. లాభం వచ్చే పొర మూసి ఉంది. దాని కింద ఉండి ఖర్చు తెచ్చిపెట్టే పొరలు అందరివీ అయ్యాయి. ఇందులో కపటం వెదకనక్కరలేదు గాని, దీన్ని దాతృత్వంగా వర్ణించే రాతలను నమ్మనక్కరా లేదు. ఇతర పెద్ద ఆటల సంస్థలు ఈ దారిలో పెద్దగా నడవలేదు కూడా. మోసగాళ్లను పట్టే ఈజీ యాంటీ-చీట్ సాధనాన్ని ప్రోటాన్‌లో పనిచేసేలా 2021లో మార్చిన ఎపిక్ గేమ్స్, తన సొంత ఫోర్ట్‌నైట్‌కు ఆ అనుమతి ఇవ్వలేదు. ఈఏ సంస్థ 2024 చివర ఎపెక్స్ లెజెండ్స్‌లో లైనక్స్ ఆటగాళ్లకు తలుపు మూసింది. కెర్నల్‌ను ఎవరైనా మార్చుకోగల వ్యవస్థలో మోసాన్ని పసిగట్టడం కష్టమన్నది వారి వాదన. డ్రైవరు ఇంజనీరుకు వరమైన గుణమే ఇక్కడ అభ్యంతరమైంది.

కార్డు కంపెనీల వైఖరి మాత్రం మెల్లగా కదిలింది. 2022 మేలో ఎన్విడియా తన డ్రైవరులోని కెర్నల్ భాగం కోడ్‌ను తెరిచింది. మెసాలో ఎన్విడియా కార్డులకు ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవరు 2023లో చేరింది. ఏఎండీ 2025లో తన ఏఎండీవీఎల్‌కే ప్రాజెక్టును నిలిపివేసి, లైనక్స్‌లో ఇకపై ఆర్‌ఏడీవీకే అధికారికంగా మద్దతు ఇస్తానని ప్రకటించింది. 2012లో బజారులోకి వచ్చిన రేడియాన్ హెచ్‌డీ 7000 వరుస కార్డులకు విండోస్‌లో కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఏఎండీ 2021 జూన్‌లోనే మానుకుంది. లైనక్స్‌లో మాత్రం అవే కార్డులను పాత కెర్నల్ డ్రైవరునుంచి కొత్త దానికి మార్చి, ఆర్‌ఏడీవీతో వల్కన్ ఆటలు నడిచేలా చేసే పనిని 2025లో వాల్వ్ తరఫున పనిచేసే ప్రోగ్రామర్లు ముందుకు తీసుకువెళ్లారు.